నోటి మీద వేలు

డిగ్రీ చేతికి రాకముందే పైదేశంలో టీచరైపోవాలని ఇవాంజెలిన్‌కు పట్టుకుంది. కోఠి ఉమెన్స్ కాలేజీలో బి.ఏ. ఆఖరి సంవత్సరం, పరీక్షలింకా రెండు నెలలున్నాయి. ఈలోగా చైనా, వియత్నాం, థాయిలాండ్ అని చూడకుండా ఇంగ్లిషు టీచర్లు కావాలన్న ప్రతి బడికీ దరఖాస్తు పంపింది. సగం మంది పలకలేదు. పలికిన సగం మంది డిగ్రీ అయ్యాక చూద్దాంలే అన్నారు.

ఈ తొందరంతా సుగుణమణి వల్ల. ఆవిడ ఇవాంజెలిన్‌కు సొంత మేనత్త, మెదక్ వైపు ఒక మిషన్ స్కూలుకు హెడ్‌మిస్ట్రెస్. పెళ్లీ గిళ్లీ లేకుండా బడే లోకంగా బతికిన మనిషి. జూన్‌లో మేనకోడలికి ఐదో తరగతి అప్పజెప్పాలని కుర్చీ కూడా తుడిపించి పెట్టింది. కిక్కిరిసిన గదిలో అరవై మందికి పైగా పిల్లలు, ఒకటే ఫ్యాను, పక్కగదిలో అత్తమ్మ. తలుచుకుంటేనే ఇవాంజెలిన్‌కు ఏడుపొచ్చేది. "పరీక్షల లోపట పైదేశం నౌకరి దొరికిందా, పో. దొరకలేదా, మెదక్ రా" అని అత్తమ్మ తేల్చేసింది. ఆవిడ తేల్చిందంటే ఇంట్లో ఇవాంజెలిన్ నాన్నకు కూడా నోరు లేవదు.

చివరికి థాయిలాండ్‌లో ఒక స్కూలు కరుణించింది. డిగ్రీ సంగతి తర్వాత చూద్దాం, ముందు కంప్యూటర్లో ఇంటర్వ్యూ, డెమో క్లాసు అన్నారు. కబురు తెలిసిందో లేదో సుగుణమణి మెదక్ నుంచి బస్సెక్కి దిగిపోయింది. "దొంగలుంటరు బిడ్డా, నేనొక్కసారి మొకం చూస్త" అంది.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో, మెట్లెక్కితే మల్లేష్ నెట్ సెంటర్. ప్లైవుడ్ కేబిన్లు, కూర్చుంటే మనిషి కనపడడు, నిలబడితే తల కనపడుతుంది. అత్తమ్మ కెమెరాకు చిక్కకుండా పక్కన స్టూలు మీద కూర్చుంది. తెర మీద పొట్టి జుట్టు, కళ్లద్దాలతో స్కూలు డైరెక్టరు ప్రత్యక్షమైంది. మర్యాదస్తురాలే, దొంగలా లేదు. సుగుణమణికి కొంచెం నిరాశ కలిగింది.

"నన్ను ఆరేళ్ల పిల్లల క్లాసు అనుకోండి. బాగా గోల చేస్తున్నాను. పాఠం మొదలుపెట్టండి" అంది డైరెక్టరు ఇంగ్లిషులో.

గోలను అనుకోవాల్సిన పనే లేదు. మూల కేబిన్‌లో కుర్రాళ్లు వీడియో గేములో తుపాకులు పేలుస్తూ "మార్ రే, మార్!" అని అరుస్తున్నారు. మల్లేష్ పాన్ నములుతూ ఫోన్లో ఎవరితోనో తగాదా పడుతున్నాడు. పక్క కేబిన్‌లో రైలు టికెట్టు కోసం వచ్చిన కోదండరామయ్య అనే పెద్దమనిషి, తెర మీద కనిపించిన ప్రతి అక్షరాన్నీ పైకే చదువుతున్నాడు.

"చిల్డ్రన్, ప్లీజ్..." అంది ఇవాంజెలిన్. నెలరోజులు అద్దం ముందు సాధన చేసిన ఫారిన్ యాస అది, ముక్కులోంచి సన్నగా వచ్చింది.

వినపడలేదంది డైరెక్టరు. ఇవాంజెలిన్ మళ్లీ "ప్లీజ్" అంది. యాస పెరిగింది, గొంతు తగ్గింది.

సుగుణమణి స్టూలు అంచుకు జరిగింది. తన సర్వీసులో ఆవిడ ఎండల్ని ఓర్చుకుంది, ఇన్‌స్పెక్టర్లను ఓర్చుకుంది, క్లాసులో గోలను మాత్రం ఏనాడూ ఓర్చుకోలేదు. మూడో ప్లీజ్ వినగానే ఒళ్లు తెలియకుండా లేచి నిలబడింది.

"క్లాస్! స్టాండ్ అప్!"

కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. ప్లైవుడ్ మీదుగా తలలే తలలు. కుర్రాళ్లు లేచారు. కోదండరామయ్య అందరికంటే ముందు లేచాడు. ఎందుకు లేచారో వాళ్లకూ తెలియదు.

"ఫింగర్ ఆన్ లిప్స్!"

అందరి వేళ్లూ నోళ్ల మీదికి పోయాయి. మల్లేష్ ఫోన్లో అవతలివాడు హలో, హలో అని మొత్తుకుంటున్నా మల్లేష్ వేలు తియ్యలేదు.

"హూ ఈజ్ ఈటింగ్?"

మల్లేష్ పాన్ మింగేశాడు.

అక్కడితో ఆగితే ఆవిడ సుగుణమణి ఎందుకవుతుంది? సూర్యుడు తూర్పున ఉదయించునని చెప్పి, అందరిచేతా వల్లె వేయించి, తూర్పు ఎటో చూపించమంది. కొందరు కోఠి వైపు, కొందరు నాంపల్లి వైపు చూపించారు. కోదండరామయ్య ఫ్యాను వైపు చూపించాడు. "కోఠి దిక్కు! సరిగ్గ చూపెట్టున్రి!" అని గదమాయించేసరికి చేతులన్నీ కోఠికి తిరిగాయి. "సిట్ డౌన్" అనగానే "థాం...క్యూ టీ...చర్" అని రాగం తీసి కూర్చున్నారు.

తెర మీద డైరెక్టరు చప్పట్లు కొడుతోంది. అప్పటికి అత్తమ్మకు తెలివొచ్చి, కొంగు సర్దుకుని స్టూలు మీద ఒదిగిపోయింది.

"ఇవాంజెలిన్, నువ్వు డిగ్రీ పూర్తి చేసి మళ్లీ రాయమ్మా. ఆ మేడంకు డిగ్రీ ఉందా? మే నెలలో రాగలరా?" అంది డైరెక్టరు.

ఇవాంజెలిన్‌కు కోపం వచ్చింది, అంతకుమించి సిగ్గేసింది. అత్తమ్మ ఛీ పొమ్మంటుందని ఎదురుచూసింది. అత్తమ్మ మాత్రం మెల్లగా కెమెరా ముందుకు జరిగి, క్లాసుకు ఎంతమంది పిల్లలని అడిగింది.

పన్నెండు మంది.

సుగుణమణి అదే ప్రశ్న మళ్లీ అడిగింది. అదే జవాబొచ్చింది. ఆవిడ ముఖంలో అంత ఆశ ఇవాంజెలిన్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కోపమెంత ఉన్నా, ఆ ముఖం చూస్తుంటే జాలేసింది.

మెట్లు దిగాక ఇవాంజెలిన్ ఫుట్‌పాత్ మీదే ఏడ్చేసింది. అత్తమ్మ ఊరుకోబెట్టలేదు, తిట్టలేదు. ఆబిడ్స్‌లో సూట్‌కేసుల దుకాణం ముందు ఆగిపోయింది.

"గా చక్రాలున్నది జర కిందికి తియ్యున్రి" అంది దుకాణదారుతో.

"నువ్వు పోతవా అత్తమ్మా?" ఇవాంజెలిన్ ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఎట్లైన వచ్చే ఏడు రిటైరైత, జర ముందే ఇడిసిపెడ్త. ఇంట్ల కూసోని గోడలకు పాఠం చెప్పాల్నా? నీకు డిగ్రీ కాలేదన్నరు. నాకెప్పుడో అయిపాయె."

"మరి మెదక్‌ల నా నౌకరి?"

"నేనే లేనప్పుడు గాడ నీకేం పనే? నీకు నచ్చిన కాడికి పో."

ఇవాంజెలిన్‌కు ముందు నమ్మకం కుదరలేదు, తర్వాత నవ్వు ఆగలేదు. కళ్లు తుడుచుకుని, తను కూడా డిగ్రీ కాగానే ఆ స్కూలుకే మళ్లీ రాస్తానంది.

"రాయి" అంది సుగుణమణి, సూట్‌కేసును దుకాణమంతా ఈడ్చి చక్రాలు పరీక్షిస్తూ. "అప్పటికి ఇంటర్వ్యూలు నేనే తీసుకుంట. గొంతు లేవకుంటె మాత్రం, మా అన్న బిడ్డవని సుత చూడ."