రెండు యాంపులు, ఒక చెవి

గిటారు మోత పెంచే ఈ యాంపులు రెండూ ఒక్కలాగే ఎట్లా ఉంటాయి, ఉండవు, ఉండటానికి వీల్లేదు, ఒకటి ఇంగ్లండు పోకడ, ఇంకొకటి అమెరికా పోకడ, గిటారు పట్టడం నిన్న నేర్చుకున్నవాడికైనా తెలుస్తుంది ఆ తేడా, అనుకుంటూ ప్రకాశం మళ్లీ అదే తీగ మీటాడు, ఇంగ్లండుది మధ్యలో గరగరమంటూ ముందుకు తోసుకొస్తుంది, అమెరికాది పైన గాజులా మెరుస్తుంది, కింద లోతుగా నిలబడుతుంది, ఈ మాటలు అతనికి నోటికొచ్చు, బీదర్ నుంచి యాంపు కొనడానికి వచ్చినవాళ్లకు కూడా ఇవే చెప్పి పంపాడు, కానీ ఇవాళ ఆ మెరుపు ఏదీ, వేళ్ల కింద తీగ వణుకుతోంది, యాంపు వెనక గాజు ట్యూబులు ఎర్రగా కాలుతున్నాయి, చెవిలోకి మాత్రం ఎవరో దుప్పటి ముసుగేసుకుని మాట్లాడుతున్నట్టు బొంగురు శబ్దం వస్తోంది, దీనిలోనూ అదే, దానిలోనూ అదే, గోదాము గోడలకు కొట్టించిన పరుపులు శబ్దాన్ని మింగేస్తున్నాయేమో, అల్లం బస్తాలు ఖాళీ చేసి నాలుగు పరుపులు కొట్టిస్తే స్టూడియో అయిపోతుందా, ఇంకా అల్లం కంపు కొడుతూనే ఉంది, ఈ విష్ణువర్ధన్‌కు అన్నీ తొందరే, తండ్రి అల్లం పండించి సంపాదిస్తే కొడుకు పాటల రికార్డింగు పెడతానని కూర్చున్నాడు, యాంపులు రెండు తెప్పించాడు, ఒకటే ఉంచుకుంటాడట, రెండోది సాయంత్రం బండికి హైదరాబాదు తిరిగి వెళ్లిపోవాలి, ఏది ఉంచుకోవాలో నువ్వే చెప్పాలన్నా అని పొద్దున్నే దుకాణానికి వచ్చి మరీ పిలిచాడు, జహీరాబాద్‌ల చెవి అంటే నీదే అన్నా, మిగతావన్నీ కమ్మలు పెట్టుకునే తూట్లే అన్నాడు, దుకాణం ముందు ఛాయ్ తాగుతున్నవాళ్లంతా నవ్వారు, ప్రకాశం కూడా నవ్వాడు, ఆ మాట మీదే కదా బస్టాండు పక్కన అతని సౌండు సామాన్ల దుకాణం నడుస్తోంది, ఫంక్షన్ హాలుకు స్పీకర్లు కట్టినా, చర్చికి యాంపు కొన్నా ప్రకాశం ఊ అంటేనే పైసలు చేతులు మారతాయి, ఆ చెవి పోయిందని తెలిస్తే ఇంకేముంది, ఈ వయసులో అతన్ని ఎవరు పనిలో పెట్టుకుంటారు.

పోనీ ఇంగ్లండుది ఇంకొంచెం పెంచి చూద్దామని యాంపు నాబ్ తిప్పి గట్టిగా మీటి, చూడు విష్ణూ ఎంత నిమ్మళంగుందో, కూత లేదు కీత లేదు అన్నాడో లేదో, ఎదురుగా స్టూలు మీద కూర్చున్న పూజిత రెండు చెవులూ మూసుకుంది, విష్ణువర్ధన్ పరుగున వచ్చి యాంపు గొంతు నొక్కేశాడు, వీళ్లకేమైంది, అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారెందుకు, సార్ గంత సీటీ గొడ్తుంటె మీకు ఇనొస్తలేదా అంది పూజిత, అతని దగ్గరే గిటారు నేర్చుకున్న పిల్ల, మాట దాచుకోవడం రాదు, ఈలా, ఏ ఈల, ఎక్కడ, అతనికి హైవే మీద పోతున్న లారీ వినిపించింది, అదీ పాదాల్లోంచి, ఇనొచ్చింది బిడ్డా, ఎంత దూరం పోతదో చూద్దామని ఊకున్న అనేశాడు, అబద్ధం ఎంత సుళువుగా వచ్చిందో, ఎప్పటినుంచో నోట్లో సిద్ధంగా పెట్టుకున్నట్టు వచ్చింది.

ఎడమ చెవి ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు, దాని సంగతి అతనికి తెలుసు, తెలుసని ఎవరికీ చెప్పలేదు అంతే, చర్చిలో మొదటిసారి గిటారు పెడతామన్నప్పుడు సంఘ పెద్ద సాయన్న తాత అడ్డం తిరిగాడు, ఆరాధనల గీ లొల్లి ఏందిరా, కొడ్తె కొట్టుకో గని డబ్బా మొకం మాదిక్కు పెట్టొద్దు, నీదిక్కే తిప్పుకో, నువ్వే ఇనుకో అన్నాడు, సంఘం అంతా సరేనంది, అప్పటినుంచి యాంపు బల్ల మీద ప్రకాశం ఎడమ చెవి ఎత్తుకు కూర్చుంది, మొహం అతని వైపు, వెనక భాగం సంఘం వైపు, సాయన్న తాత పోయాడు, డబ్బా మాత్రం సంఘం వైపు తిరగలేదు, ఎవరూ తిప్పుదామనలేదు, అతనసలు అననివ్వలేదు, ఎందుకంటే సంబరం, ఎంత సంబరం, పండుగ ఆరాధనలో అందరికీ సగం వినిపించే పాట అతనొక్కడికే నిండుగా వచ్చి చెంప మీద కొట్టేది, ఇంటికొచ్చాక రాత్రంతా చెవిలో కీచుమని మోగేది, అది దేవుని ఆశీర్వాదమనుకున్నాడు వెర్రివాడు, దవాఖానకు పోదాం జర నా మాటిను అని ప్రవీణ ఎన్నిసార్లు బతిమాలిందో, పెళ్లాం మాట వింటే బాగుపడతారని లోకమంతా చెప్పినా వినని మొండిఘటం, నేను పోయి చెవులు సూపిచ్చుకుంటే వంటోడు పోయి నాలుక సూపిచ్చుకున్నట్టుంటది, ఇగ నన్నెవడు పిలుస్తడే అన్నాడు.

ఏదో ట్యూబు ఖరాబయినట్టుందన్నా, జర కొట్టి చూడు అంటూ విష్ణువర్ధన్ అతని చేతిలో పెన్సిలు పెట్టాడు, ట్యూబు వదులైతే ఇట్లాగే కూస్తుంది, ఒక్కొక్కదాన్నే పెన్సిలుతో తట్టాలి, మంచిది ఊరుకుంటుంది, చెడ్డది స్పీకరులో టింగుమంటుంది, ఈ పద్ధతి పూజితకు నేర్పింది తనే, వంగి మొదటిది తట్టాడు, ఏమీ లేదు, రెండోది, ఏమీ లేదు, మూడోది, దాన్నీ తట్టాడు, ఏమీ లేదు, నాలుగోది కూడా అంతే, చెమట పడుతోంది, ప్రభువా ఒక్క టింగు, ఒక్కటంటే ఒక్కటి, మళ్లీ మొదటినుంచి తడుతూ తలెత్తాడు, పూజిత కనుబొమలు కదల్లేదు, రెండోదానికీ కదల్లేదు, మూడోది తట్టగానే అన్నంలో రాయి తగిలినట్టు ఆమె మొహం ముడుచుకుంది, ఇంకోసారి తట్టాడు, ఇంకోసారి ముడుచుకుంది, ఇదే అన్నాడు ప్రకాశం, మూడోది, మార్చేయ్ విష్ణూ, విష్ణువర్ధన్ కొత్త ట్యూబు పెట్టి, గొంతు పెంచి, తీగ మీటి, ఎగిరి గంతేసినంత పని చేశాడు, చూసినవా పూజితా, అన్న చెవి అంటే గట్లుంటది అన్నాడు, పూజిత ప్రకాశం కళ్లనే చూస్తోంది, ఆ కళ్లు ఇందాక ఎక్కడున్నాయో ఆమె చూసింది.

చూసింది, అయిపోయింది, చిన్నపిల్ల ముందు పరువు పోయింది అని ముందు సిగ్గేసింది, ఆ తర్వాత అంతకన్నా పెద్దదేదో లోపల్నుంచి లేచి వచ్చింది, ఇవాళే కాదు కదా, ఫంక్షన్ హాల్లో స్పీకర్లు సరిచేసేటప్పుడు నాబ్ మీద చెయ్యి ఉంటుంది, కళ్లు ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ల మీద ఉంటాయి, వాళ్ల నొసళ్లు విప్పుకునే దాకా తిప్పి ఆపేస్తాడు, వాహ్ ప్రకాశం అంటారు, చర్చిలో పాటలు ఎత్తుకునే శ్యామల పాడుతుంటే ఆమె మెడ మీద నరం చూసి స్వరం ఎంత పైకి పోయిందో తెలుసుకుంటాడు, దుకాణంలో ఎవరైనా యాంపు మోగిస్తే మంచిగుంది కదా అని వాళ్లనే అడిగి, వాళ్ల మొహం ఎటు వాలితే అటే తీర్పు చెబుతాడు, దాన్ని అనుభవం అనుకున్నాడు, పనిలో తల నెరిసినవాడి నేర్పు అనుకున్నాడు, పాట తెలియనివాళ్లను చూసి చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అని ఎన్నిసార్లు వెక్కిరించాడో, ఆ చెవిటివాడు ఇంతకాలం ఎవరు.

ఇగ చెప్పన్నా, ఏది ఉంచుకుందాం, అన్నాడు విష్ణువర్ధన్, ప్రకాశం గిటారు అందుకున్నాడు, అమెరికాదానిలో మీటాడు, దుప్పటి, ఇంగ్లండుదానిలో మీటాడు, దుప్పటి, ఏదో ఒకటి అనేస్తే పోయేదే, ఇంగ్లండుది అంటే ఇంగ్లండుది, ఎవరు కాదంటారు, ఆ ఒక్క మాటతో దుకాణం నిలుస్తుంది, ఆదివారం చర్చిలో గిటారు నిలుస్తుంది, అనడానికి నోరు తెరిచి, అలవాటు కొద్దీ పూజిత మొహం కోసం చూశాడు, ఆమె అటు తిరిగి కూర్చుంది, కోపంతో కాదు, అతని అవస్థ చూడలేక గోడవైపు తిరిగి తల దించుకుంది, జడ కనిపిస్తోంది, పరుపు కనిపిస్తోంది, మొహం లేదు, మొహం లేకపోయేసరికి గదిలో ఏమీ లేదు, తీగ ఇంకా వణుకుతూనే ఉంది, అయినా ఏమీ లేదు, అప్పుడు అతనికి తెలిసింది, వినికిడి పోతోందని కదా ఇన్నాళ్లూ భయపడ్డాడు, అది ఎప్పుడో పోయింది, పోయినదాని చోట మనుషుల మొహాలు పెట్టుకుని బతుకుతున్నాడు, గిటారు ఒళ్లోంచి దించి కింద పెట్టాడు, నాకు ఇనొస్తలేదు విష్ణూ, శాన దినాల సంది ఇనొస్తలేదు, నేను మీ మొకాలు చూసి చెప్తున్న.