సోమవారం సంతకం

కాలర్లు కుట్టడంలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి. అందుకే అందరూ కాలరక్క అనేవారు. దుస్తుల ఫ్యాక్టరీలో పొగ కమ్ముకున్న రోజు, యజమాని వేయించిన వెనక తలుపు తాళాన్ని ఇస్త్రీపెట్టెతో బద్దలుకొట్టి నలభైమందిని బయటికి తోసింది. దానికి దక్కిన బహుమతి కేసు! ఆస్తి ధ్వంసమట!

ఇరవై రోజులు లోపల ఉన్నాక జడ్జిగారు బెయిలిచ్చారు. ప్రతి సోమవారం పన్నెండులోపు పోలీసు స్టేషన్లో సంతకం పెట్టాలి. తప్పిందా, మళ్ళీ జైలే. జామీనుగా నిలబడిన ఆడపడుచుకూ చిక్కే.

ఈ సోమవారం ఆడపడుచును వెంటబెట్టుకుని పదకొండుకే వెళ్ళింది.

"రిజిస్టరు బీరువాలో ఉంది. తాళంచెవి సారు పట్టుకెళ్ళారు" అన్నాడు స్టేషన్లో రాతకోతలు చూసే రైటరు. పదకొండున్నర దాటాక తాపీగా ఒక కాగితం ముందుకు తోశాడు. 'తాళం పగలగొట్టడం నా తప్పే, యజమానిగారు క్షమించాలి' అని తన చేత్తోనే రాసిపెట్టాడు మహానుభావుడు.

"దీనిమీద ఓ సంతకం పడేయమ్మా. తాళంచెవి అదే దొరుకుతుంది."

కాలరక్కకు ఒళ్ళు మండిపోయింది.

"పోనీ పెట్టెయ్ వదినా. టైమైపోతోంది" అంది ఆడపడుచు.

"ఎందుకు పెట్టాలి? బెయిలంటే తప్పు ఒప్పుకోవడమా? కేసు తేలేదాకా బయట ఉండు, పిలిస్తే రా అని, అంతే! నా తప్పేంటో కోర్టు తేలుస్తుంది, ఈయన కాదు."

"తాళాలంటే నీకు లెక్కలేదుగా, బీరువా కూడా పగలగొట్టు" అని రైటరు వెటకారం.

"ఆ తాళం వెనక నలభై ప్రాణాలున్నాయి. మీ బీరువాలో ఏముంది, దుమ్ము!"

పన్నెండుకు ఇంకా పది నిమిషాలే ఉన్నాయి. కాలరక్క ఆ కాగితం తిరగేసి, 'పదకొండు నుంచీ ఇక్కడే ఉన్నాను, అడిగినా రిజిస్టరు ఇవ్వలేదు' అని రాసి సంతకం చేసింది. సైకిలు పోయిందని ఫిర్యాదుకొచ్చినాయన చేతా, ఫ్యాను బాగుచేయడానికొచ్చిన మెకానిక్కు చేతా సాక్షి సంతకాలు పెట్టించింది. పెట్టరేం మరి, ఇందాకట్నుంచీ చూస్తూనే ఉన్నారు!

రైటరు మొహం మాడిపోయింది. సారు పట్టుకెళ్ళిన తాళంచెవి రైటరు జేబులోంచే వచ్చింది. పన్నెండుకు మూడు నిమిషాలుండగా రిజిస్టరులో సంతకం పడింది.

"ఆ కాగితం ఇటివ్వమ్మా" అన్నాడు, గొంతు మెత్తబరిచి.

"ఇది జడ్జిగారికండీ. ఒకవైపు నా రాత, రెండోవైపు మీ రాత" అంటూ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "వచ్చే సోమవారం పెందలాడే వస్తాను. బీరువా తీసి ఉంచండి."