నలభై ఆరు చెంచాలు

ముందే చెబుతున్నాను, ఇందులో ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. నాకు అక్షరాలు యాభై ఆరో ఏట వచ్చాయి. నేను ఒక పేజీ రాసేలోపు మీరు వంట చేసుకుని, తిని, గిన్నెలు కూడా కడిగేసుకోవచ్చు. అయినా ఈ కథ ఇంకొకరు రాస్తే చెంచాల సంగతి వదిలేస్తారని నేనే పూనుకున్నాను.

బట్టల మిల్లు వెనక క్యాంటీన్‌లో రోజూ మూడు వందల మందికి వండే ఆవిడను అందరూ వంటక్క అనేవారు. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్లూ అలాగే పిలిచేవారు. గరిటె ఎవరి చేతిలో ఉంటే వాళ్లే అక్క. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. ఏడాదిగా ఆమె కుడి మోకాలు మాత్రం మాట వినడం మానేసింది. పొయ్యి నుంచి సరుకుల గదికి పదిహేను అడుగులు. ఆ పదిహేను అడుగులూ గోడ పట్టుకుని, పళ్లు బిగబట్టి నడిచేది.

"మోకీలు మార్చాల్సిందే," అన్నాడు డాక్టరు. "కానీ నూట రెండు కిలోలతో మిమ్మల్ని ఆపరేషన్ బల్ల ఎక్కించలేను. తొంభైకి దిగి రండి."

ఆపరేషన్‌కు చలికాలం చివర్లో ఒక శుక్రవారం తేదీ రాసిచ్చారు. అప్పటికి దిగకపోతే ఆ మంచం ఇంకొకరికి పోతుంది. మళ్లీ వంతు రావాలంటే ఇంకో ఏడాది. ఆ కాలి మీద ఇంకో ఏడాది నిలబడి వండలేనని వంటక్కకు తెలుసు. వంట మానేస్తే తనెవరో ఆమెకే తెలియదు.

అందుకే పట్టు పట్టింది. చక్కెర మానేసింది. రాత్రి అన్నం సగం చేసింది. కుర్చీలో కూర్చుని, నర్సు చూపించినట్టు చేతులు పైకీ కిందికీ ఆడించేది. "ఎవర్ని పిలుస్తున్నావమ్మా?" అని కూతురు నవ్వేది. నాలుగు నెలల్లో తొంభై నాలుగుకు వచ్చింది. అక్కడ అంకె చతికిలబడింది. వారం గడిచింది, రెండు గడిచాయి, ఐదు వారాలైంది. మొండి గాడిదలా కదలనంటే కదలనంది.

నర్సు చిన్నపిల్ల, ఓర్పున్న పిల్ల. తిన్నదల్లా పుస్తకంలో రాసుకు రమ్మంది. వంటక్క పూస గుచ్చినట్టు రాసుకెళ్లింది. నర్సు రెండుసార్లు చదివి తల గోక్కుంది.

"ఇంతే తింటే దిగాలి కదమ్మా. ఎక్కడో జారుతోంది."

"నేను అబద్ధాలు రాశానంటావా?"

"అయ్యో, అలా అనలేదమ్మా..."

అననక్కర్లేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర కూతురే అనేసింది. "దాచుకుని తింటున్నావేమో, చెప్పమ్మా. నేనేమీ అనుకోను."

వంటక్క కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆకలి ఓర్చుకోవడం ఆమెకు పెద్ద కష్టం కాలేదు. కన్నకూతురి చేత దొంగ అనిపించుకోవడం మాత్రం ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు మధ్యాహ్నం వడ్డనలయ్యాక, గిన్నెలు తోమే ఆవిడ దగ్గర ఆ అక్కసంతా వెళ్లగక్కింది. ఆవిడ మొగుడు పోయాక ఆ పనిలో చేరింది. గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటుందని అందరూ పుల్ల అనేవారు. అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ తెలియదు.

"నేను మంచినీళ్లు తాగినా ఒళ్లొస్తుందే పుల్లా. నా ఒంటి తీరే అంత. ఫోన్ చేసి ఆ మంచం ఎవరికైనా ఇచ్చేయమంటాను, పీడా పోతుంది."

"ఫోన్ తర్వాత చేద్దువుగాని. ముందిటు రా అక్కా."

ఆ వంటశాలలో ఒక నియమం ఉంది. నోట్లో పెట్టిన చెంచా మళ్లీ వంటలో ముంచకూడదు. రుచి చూసిన ప్రతిసారీ కొత్త చెంచా తీయాలి, వాడినది తొట్టిలో పడేయాలి. అందుకోసం పొడుగాటి కాడ, లోతైన గుంట ఉన్న చెంచాలు వేరే ఉండేవి. వాటిని వంటక్క తప్ప ఎవరూ ముట్టరు.

తొట్టి పక్క బల్ల మీద పుల్ల ఆ చెంచాలను బారులు తీర్చి పెట్టింది. బడి పిల్లల్లా తళతళలాడుతూ నిలబడ్డాయి.

"ఏమిటీ ప్రదర్శన?"

"ఇవాళ్టివి. పొద్దుటి నుంచి ఇప్పటి దాకా. నలభై ఆరు."

"రుచి చూశాను. అయితే?"

"ఆ చూసింది ఎక్కడికి పోయిందక్కా?"

"ఎక్కడికి పోతుంది? నాలుకతో సరి."

వంటక్క మనస్ఫూర్తిగానే అంది. పదహారో ఏట ఆమెకు వంట నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పాడు: తినేవాడు కూర్చుంటాడు, రుచి చూసేవాడు నిలబడతాడు, రెండూ ఒకటి కాదు. ముప్పై ఆరేళ్లుగా ఆమె ఆ మాట మీదే నిలబడింది. పుస్తకంలో కూర్చుని తిన్నదంతా రాసింది. నిలబడి నోట్లో వేసుకున్నది తిండి అని ఆమెకు తోచనే లేదు.

పుల్ల వాదించలేదు. మిగిలిన మాంసం కూర ముందు పెట్టుకుంది, పక్కన ఖాళీ గిన్నె పెట్టింది. ఒక చెంచాతో ముంచి పోస్తూ పైకి లెక్కపెట్టడం మొదలెట్టింది. ఒకటి, రెండు, మూడు...

ఇరవై దగ్గర వంటక్క నడుం మీంచి చెయ్యి తీసేసింది. ముప్పై దగ్గర, "ఇక చాల్లే," అంది.

"చాలదు. ఇంకా పదహారున్నాయి."

నలభై ఆరుకు గిన్నె అంచు దాకా వచ్చింది. పైన వేలెడు మందాన నూనె తేలింది.

"ఇది నా రెండు పూటల కూర అక్కా," అంది పుల్ల.

వంటక్క స్టూలు మీద కూలబడింది. ముందు సిగ్గేసింది. తర్వాత ఎక్కడి నుంచో నవ్వు పొంగుకొచ్చింది. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! నేను దొంగనూ కాదు, నా ఒళ్లు పాపిష్టిదీ కాదు. నా పనే నన్ను మేపుతోందే!"

ఆ సాయంత్రమే నర్సుకు ఫోన్ చేసి చెప్పింది. మరి మొదట్లో ఎలా దిగానని అడిగింది. "అప్పుడు నూట రెండు కిలోలు మోయడానికి ఒంటికి ఎక్కువ తిండి కావాల్సి వచ్చేదమ్మా," అంది నర్సు. "తేలికయ్యే కొద్దీ ఆ అవసరమూ తగ్గుతుంది. అప్పుడు ఈ చెంచాలు కలిసినా దిగారు. ఇప్పుడు సరికి సరి అయిపోయింది."

కూతురు అంతా విని, వచ్చి అమ్మ మోకాలికి మందు రాసింది.

ఆ శుక్రవారానికి ఇంకా ఏడు వారాలున్నాయి. మరి రుచి ఎవరు చూడాలి?

"ఇంకెవరు? నువ్వే," అంది వంటక్క.

"నేనా? నాకు నాలుకెక్కడిదక్కా! ఎప్పుడూ అడుగంటిందే తిన్నదాన్ని."

మొదటి రోజు పుల్ల అన్నింటికీ ఒకటే మాట చెప్పింది: "బావుంది." పప్పు బావుంది, కూర బావుంది, ఇంకా ఉప్పు పడని సూప్ కూడా బావుంది. ఆ సూప్ అలాగే వడ్డనకు వెళ్లింది. మిల్లు వాళ్లు, "వంటక్కకు ఒంట్లో బాలేదా?" అని కబురు పంపారు.

"బావుందంటే నాకేం తెలుస్తుందే మొద్దూ! నీ నోట్లో ఏం జరుగుతోందో చెప్పు."

పుల్ల కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. కాసేపటికి మెల్లగా చెప్పింది. "ఉప్పు గడప దాటింది గానీ, ఇంకా కూర్చోలేదు."

వంటక్క గరిటె ఆపేసింది. అరచెంచా ఉప్పు వేసి కలిపింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు కాళ్లు చాపుకు కూర్చుంది."

అది మొదలు ఇద్దరికీ అదే భాష అయింది. పులుపు తలుపు బాదుతోందనేది పుల్ల. మిరియం అత్తగారిలా ఆలస్యంగా వచ్చి అరుస్తోందనేది. వంటక్క తన కోసం రోజుకు నాలుగు చెంచాలే ఉంచుకుంది. వాటినీ పుస్తకంలో రాసింది. పాత అలవాటు మాత్రం ఊరికే పోలేదు. చెయ్యి దానంతటదే చెంచాల డబ్బా మీదికి వెళ్లేది. పుల్ల తొట్టి దగ్గర నుంచే గొంతు సవరించుకునేది. చెయ్యి వెనక్కొచ్చేది.

మొదటి వారం అంకె కదలలేదు. వంటక్క రాత్రంతా నిద్రపోలేదు. రెండో వారం తొంభై మూడు. ఆ రోజు క్యాంటీన్‌లో ఆమె కూనిరాగం విని జనం తలలు తిప్పి చూశారు. తర్వాత తొంభై రెండున్నర, తొంభై ఒకటీ ముప్పావు. బండి గుంతలోంచి బయటపడింది.

శుక్రవారానికి రెండు రోజుల ముందు ఆఖరి తూకం. కూతురికి సెలవు దొరకలేదు, పుల్ల తోడు వెళ్లింది. వంటక్క చెప్పులు విప్పి, శాలువా తీసి, గాజులు కూడా తీసి యంత్రం ఎక్కింది. ఊపిరి బిగబట్టింది.

"ఊపిరికి బరువుండదమ్మా, వదలండి," అంది నర్సు.

తొంభై కిలోల రెండు వందల గ్రాములు.

నర్సు మళ్లీ చూసింది, అదే అంకె. వంటక్క ముఖం తెల్లబోయింది. అప్పుడు పుల్ల కళ్లు ఆమె నడుం మీద పడ్డాయి.

"అక్కా, ఆ తాళాలగుత్తి."

సరుకుల గది, గ్యాసు గది, రెండు బీరువాలు, వెనక గేటు, అన్నింటి తాళాలూ ఒకే ఇనప కొక్కేనికి వేలాడుతున్నాయి. పద్దెనిమిదేళ్లుగా స్నానానికి తప్ప అవి నడుం దిగలేదు. ఎవరి చేతికీ ఇచ్చింది లేదు. మొదటి రోజు నుంచీ వాటితోనే తూగుతోంది. ఒంట్లో భాగమనే అనుకుంది కాబోలు.

పుల్ల చెయ్యి చాపింది. వంటక్క ఒక్క క్షణం ఆగి, గుత్తి తీసి ఆ అరచేతిలో పెట్టింది.

ఎనభై తొమ్మిది కిలోల తొమ్మిది వందల గ్రాములు.

వంటక్క యంత్రం దిగలేదు. దాని మీదే నిలబడి నర్సు భుజం పట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, "ఆకలేస్తోందే పుల్లా," అంది.

శుక్రవారం మోకీలు మార్చారు. ఆరు వారాలు ఇంటి పట్టున ఉండమన్నారు. అన్నాళ్లూ తాళాలూ గరిటే పుల్ల దగ్గరే ఉన్నాయి. రోజూ సాయంత్రం వెళ్లి ఏం వండిందో, ఉప్పు ఎక్కడ కూర్చుందో చెప్పేది. మంచం మీద ఊసుపోని వంటక్క తన తిండి పుస్తకంలో మిగిలిన కాగితాల మీద ఆమెకు అక్షరాలు దిద్దించింది. పుల్ల సొంతంగా రాసిన మొదటి మాట "చెంచా". వంటక్క దాన్ని చాలాసేపు చూసి, "కూర్చుందే," అంది.

ఇప్పుడామె ఆ పదిహేను అడుగులూ గోడ ముట్టకుండా నడుస్తుంది. రుచి ఇప్పటికీ నేనే చూస్తున్నాను.

ఇట్లు,
పుల్ల. అరవై ఒక్కేళ్లు. ఇప్పుడుండేది క్యాంటీన్ మేడ మీది గదిలో. కిటికీ తీస్తే పోపు వాసన వస్తుంది.