జారని మెట్లు

ఆటుకు నీళ్లు దిగి అరగంటయింది. ఓటిస్ గ్యాడ్సన్ తొమ్మిదో మెట్టు మీద మోకాళ్లూని, గట్టి బ్రష్షుతో నాచు రుద్దుతున్నాడు. పక్కన బక్కెట్టు, అందులో వెనిగర్ వాసన.

సముద్రం వీధిలోకి వచ్చేసింది; అక్కడి అపార్టుమెంటుకు కింది ఏడు మెట్లూ ఎప్పుడూ నీళ్లలోనే ఉంటాయి. ఎనిమిది నుంచి పదమూడు దాకా పోటుకు మునిగి ఆటుకు తేలతాయి, తేలినప్పుడల్లా పచ్చగా జారుతుంటాయి. ఆ ఆరు మెట్లే అతని ఉద్యోగం. చేరిన కొత్తలో అవి అయిదు నుంచి పది దాకా ఉండేవి. ఇరవయ్యారేళ్లలో సముద్రం ఓటిస్‌కు మూడు ప్రమోషన్లిచ్చిందని అమెరికా తీరపు చార్లెస్టన్‌లో ఆ వీధంతా ఎగతాళి చేస్తుంది. మెచ్చుకున్నవాళ్లు మాత్రం లేరు. జారి పడితే తిడతారు గానీ, జారని మెట్టును ఎవరు చూస్తారు?

ఈరోజు మూడుసార్లు రుద్దాడు. మూడో అంతస్తు మోజెల్ సిమన్స్ దిగబోతోంది. తొంభయ్యొక్కేళ్ల మనిషి. ఈ మెట్లకు భయపడి నాలుగేళ్లుగా గడప దాటలేదు. నెలలో మొదటి ఆదివారం కనుక చర్చి పెద్దమ్మలంతా తెల్లబట్టలు కడతారు. ప్రార్థన కాగానే మోజెల్ అటునుంచి అటే కొండల వైపు కూతురింటికి వెళ్లిపోతుంది. ఇక తిరిగి రాదు.

కుర్చీలో మోస్తామని కుర్రాళ్లు వచ్చారు.

"నన్ను మోసేది ఒక్కసారే. ఆరోజు వద్దన్నా మీరు వినరు. ఇవాళ్టికి నేనే దిగుతా, జరగండి," అందామె.

"తెల్లబట్టలు, పెద్దమ్మా!" అన్నాడు ఓటిస్.

"అయితే ఏం? రుద్దింది నువ్వేగా?"

ఓటిస్ బ్రష్షు బక్కెట్లో పడేసి లేచాడు.

పదమూడో మెట్టు దగ్గర మోజెల్ మోకాళ్లు మొరాయించాయి. ఆమె ఏమాత్రం తొణక్కుండా అక్కడే చతికిలబడింది. తెల్ల చేతితొడుగులు వేసుకున్న అరచేతులు రెండూ మెట్టుకు ఆనించి, చంటిపిల్లలా కూర్చునే కింది మెట్టుకు జరిగింది. తర్వాత ఇంకోటి. బెండకాయలమ్మే పడవ మీది లావర్న్ ఇంజను ఆపేసింది. బాల్కనీల్లోంచి జనం తొంగిచూశారు. ఓటిస్ ఆమెకన్నా ఒక మెట్టు కిందే ఉంటూ వెనక్కి దిగాడు.

ఎనిమిదో మెట్టు మీద ఆమె రెయిలింగ్ పట్టుకుని లేచి, అతని వైపు వీపు తిప్పింది.

"మరకుందేమో చూడరా."

ఓటిస్ సిగ్గుతో తల తిప్పుకున్నాడు.

"సిగ్గెందుకురా? చూడమంటున్నది నీ పనినేగా!"

"మచ్చ లేదు పెద్దమ్మా! పెళ్లికూతురిలా ఉన్నావ్!" పడవలోంచి అరిచింది లావర్న్.

"నోర్ముయ్యవే, చర్చికెళ్తున్నా!" అంది మోజెల్. బాల్కనీలన్నీ ఘొల్లుమన్నాయి. ఓటిస్ కూడా నవ్వాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నేళ్లలో అంత సంతోషం అతనికి ఎన్నడూ కలగలేదు.

చర్చి పడవ వచ్చింది. ఎక్కబోతూ ఆమె ఒక చేతితొడుగు విప్పి, రెయిలింగ్ చివరి గుబ్బకు తొడిగింది. పడవ మలుపు తిరిగాక కూడా ఓటిస్ అక్కడే నిలబడ్డాడు. పోటు మొదలై నీళ్లు ఎనిమిదో మెట్టు ఎక్కుతున్నాయి. గుబ్బ మీద చేతితొడుగు అరచేయి అతని వైపే తిరిగి ఉంది, ఎక్కడా పచ్చదనం అంటలేదు.