పరుపు దూది

"కట్!"

పిన్ని ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ చేతిలో టిఫిన్ క్యారియర్ ఉంది. పైకి స్టీలుదిలాగే కనిపిస్తుంది కానీ తగిలే వైపంతా స్పాంజి. అయినా పొద్దుటినుంచి ఒకే చోట పడుతుండటంతో మొగుడి వేషంలో బెంచీ మీద కూర్చున్న మాస్టారి మెడ ఎర్రగా కందిపోయింది.

"కోపం చాలట్లేదు పిన్నీ!" మానిటర్ వెనకనుంచి డైరెక్టర్ అరిచాడు. "మీ ఆయన ఉద్యోగం ఊడింది. నీకు చెప్పకుండా రోజూ క్యారియర్ పట్టుకొచ్చి ఈ పార్కులో కూర్చుంటున్నాడు. ఆ సంగతి నీకు ఇప్పుడే తెలిసింది. చెవి పట్టుకు లేపి మెడ మీద ఒక్కటియ్యి. హాల్లో జనం పొట్ట పట్టుకోవాలి."

"అలాగే సార్."

సెట్ మీద ఆమె అందరికీ పిన్నే. తెర మీద కూడా అంతే. అరిచే పిన్ని, సాధించే వదిన, అల్లుణ్ణి గుమ్మం దాకా తరిమే అత్త. ఇంటిల్లిపాదీ కలిసి చూసే సినిమా అంటే ఆమె గొంతు ఉండాల్సిందేనని పంపిణీదారులు సరదాగా అంటుంటారు. ఆ గొంతు ఎక్కడ తయారైందో మాత్రం వాళ్ళకు తెలియదు. నూలు మిల్లులో కదుళ్ళన్నీ ఒక్కసారి తిరుగుతుంటే, పక్కనున్న మనిషికి మాట వినపడాలన్నా గొంతు చించుకోవాలి. పెళ్ళి కాకముందు నుంచీ, కొడుకు పుట్టేదాకా ఆమె అక్కడే పనిచేసింది. ఆ తర్వాత మొగుడొక్కడే మిల్లుకు వెళ్ళాడు.

డైరెక్టర్ మానిటర్‌లో మరోసారి చూసుకుని పెదవి విరిచాడు. "ఇంకా ఏదో తగ్గింది," అన్నాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత చిటికె వేసి మేకప్ మనిషిని పిలిచాడు. "దూది ఉందా? మాస్టారి జుట్టులో, భుజాల మీద కొంచెం కొంచెం అంటించు. మిల్లు పనివాడు కదా. సాయంత్రం ఇంటికి పోయే ముందు తలకి దూది అంటించుకుంటాడన్నమాట, పని చేసి వచ్చినట్టు."

రైటర్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అదిరింది సార్! ఎక్కణ్ణుంచి తెస్తాడు దూది? ఇంట్లో పరుపులోంచి! రోజూ కాస్త పీకుతుంటాడు. పరుపు చిక్కిపోతుంది. ఒక రాత్రి పిన్ని పడుకోగానే ధభీమని..."

"అదే అదే. అంతే జరిగింది." డైరెక్టర్ నవ్వాడు.

సెట్టంతా ఘొల్లుమంది. పైన, కప్పుకు వేలాడే ఇనుప చట్రం మీద దీపాలు సర్దుతున్న లైట్‌మన్ కూడా పడీపడీ నవ్వాడు. ఆ లైట్‌మన్ పిన్ని కొడుకు.

పిన్ని నవ్వలేదు. మేకప్ మనిషి సంచీలోంచి దూది తీసి వేళ్ళతో విడదీస్తూ ఒక్కో పింజనీ మాస్టారి చెవి పక్కన అంటిస్తున్నాడు.

అది తమ పరుపు. ఏళ్ళ కిందట ఒకరోజు చూస్తే గోడవైపు మూల చిక్కిపోయింది. చెయ్యి పెడితే గుడ్డకు గుడ్డ తగిలింది. అప్పుడే ఆమెకు మొగుడి ఉద్యోగం పోయిందని అర్థమైంది. మిల్లు జనం ఎవరూ ఉండని వీధిలోకి, అద్దె తక్కువని, అంతకు కొద్దిరోజుల ముందే మారారు కాబట్టి చెప్పేవాళ్ళు లేరు. ఆయన పొద్దున్నే బయల్దేరేవాడు. చీకటి పడుతుండగా తలనిండా దూదితో వచ్చేవాడు. వాకిట్లో కూర్చుంటే కొడుకు వెనక నిలబడి ఒక్కో పింజా ఏరి, ఊది గాల్లోకి వదిలేవాడు. తండ్రీకొడుకుల ఆట అది. ఆ ఆట చూస్తూ ఆమె వంటింటి గుమ్మంలో నిలబడిపోయేది. అడగాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! అడిగితే ఆ మనిషి కూలిపోతాడు. అందుకే పొద్దున్నే లేచి క్యారియర్ కట్టిచ్చేది. కుట్టుపని ఎక్కువ తెచ్చుకుంది. ఆయన మూటలు మోసి తెచ్చిన డబ్బును జీతమనుకున్నట్టే తీసుకునేది. ఒకరోజు మధ్యాహ్నం బస్టాండులో గుండె పట్టుకుని ఒరిగిపోయాడని కబురొచ్చింది. కొడుక్కి మాత్రం, నాన్న మిల్లులో పనిచేస్తూ పోయాడని చెప్పింది.

ఈ సంగతి మరొక్కరికే తెలుసు. శవం పక్కన కూర్చున్న రోజున, దుఃఖం ఆగక, మొగుడి స్నేహితుడికి చెప్పుకుంది. అతను ఆమె రెండు చేతులూ పట్టుకుని, "ఇది నాతోనే పోతుంది వదినా," అన్నాడు. అప్పుడతను మిల్లులో టైంకీపర్. ఇప్పుడు డైరెక్టర్.

లైట్లు మళ్ళీ సర్దుతుండటంతో కాస్త వ్యవధి దొరికింది. ఆ వ్యవధిలో పబ్లిసిటీ అమ్మాయి చిన్న కెమెరా పట్టుకుని వచ్చింది. సినిమా విడుదలకు ముందు జనంలోకి వదలడానికి, నవ్వించేవాళ్ళందరూ ఇంతకుముందు ఏం పని చేసేవారో వాళ్ళ నోటే చెప్పించి పెడుతోందట.

"నేను అప్పుల వసూలు ఆఫీసులో ఫోన్లు చేసేవాణ్ణి," అన్నాడు రైటర్. "కట్టలేనోళ్ళు చెప్పే సాకులుంటాయి చూడండీ! డైలాగులన్నీ ఫ్రీగా దొరికేశాయ్."

"సూపర్ సార్. మాస్టారూ, మీరు?"

"ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్పేవాణ్ణమ్మా. బడి స్థలానికి మంచి ధర పలికింది. మూసేశారు. ఆ తర్వాత..."

"అంత వద్దండీ. కొంచెం హుషారుగా."

మాస్టారు మెడ రుద్దుకుని, గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. "నేను క్లాసులోకి రాగానే పిల్లలు నవ్వేవాళ్ళు. ఇదేదో బాగుందే అని ఇటొచ్చేశా."

"అది! ఇప్పుడు డైరెక్టర్ గారు."

డైరెక్టర్ కాలు మీద కాలేసుకున్నాడు. "మిల్లులో టైంకీపర్ని. గడియారం చూడ్డమే పని. నా కామెడీ టైమింగ్ అక్కడిదే." అందరూ నవ్వేదాకా ఆగాడు. "ఈ పరుపు దూది కూడా అక్కడిదే. మాకొకాయన ఉండేవాడు. పిచ్చి మారాజు. ఉద్యోగం పోయినా ఇంట్లో చెప్పడు. తలకి దూది అంటించుకుని దొరబాబులా ఇంటికి పోయేవాడు. పాపం, వాళ్ళావిడ కూడా అమాయకురాలు..."

"నిజంగా జరిగిందా సార్? అయ్యో, ఎంత క్యూట్‌గా ఉందో!" అంది అమ్మాయి. "తర్వాత మీరు చెప్పాలి పిన్నిగారూ."

పిన్ని ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళింది. డైరెక్టర్ తన గదిలోకి వెళ్తుంటే వెనకే వెళ్ళి తలుపు వేసింది.

"ఏమయ్యా మరిదీ," అంది. సెట్ మీద ఆ పిలుపు వినపడి చాలా ఏళ్ళయింది.

కూర్చోబోయినవాడల్లా ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. "పేరు చెప్పలేదు కదా వదినా. ఎవరికి తెలుస్తుంది?"

"ఆయన పేరు నువ్వు చెప్పలేదు. నీ పేరు ఆయన కూడా చెప్పలేదు."

డైరెక్టర్ ముఖం మాడిపోయింది. సమ్మె రోజుల్లో మిల్లు గేటు ముందు చిన్న చిన్న నాటకాలు వేసేవారు. మాటలు టైంకీపర్ రాసేవాడు. పొట్టకు దిండు కట్టుకుని యజమాని వేషం వేసేవాడు పిన్ని మొగుడు. పనివాళ్ళు పగలబడి నవ్వేవారు. సమ్మె ముగిశాక ఆఫీసులోకి పిలిచి, ఇవి రాసిందెవరని అడిగితే, "నేనే," అన్నాడు వేషం వేసినవాడు. అతన్ని తీసేశారు. టైంకీపర్ ఉద్యోగం నిలబడింది. శవం పక్కన కూర్చున్న ఆ రోజే అతనూ ఈ సంగతి ఆమెకు చెప్పుకున్నాడు.

"నేను మరిచిపోలేదు," అన్నాడు డైరెక్టర్, గొంతు తగ్గించి. "మరిచిపోతే నిన్నిక్కడికి తీసుకొచ్చేవాణ్ణా? బట్టలు కుట్టుకునేదానివి. వేషమిచ్చి నిలబెట్టా. నీ కొడుక్కి పని ఇప్పించా. ఇంకేం చెయ్యమంటావ్ చెప్పు. కష్టాన్ని కష్టంలా చూపిస్తే జనం రారు వదినా. నవ్విస్తేనే వస్తారు. ఆ రోజుల్లో మనమూ నవ్వించాం కదా?"

"నవ్వించాం. అప్పుడు ఉద్యోగాలు పీకేవాణ్ణి చూసి నవ్వాం. ఇప్పుడు ఉద్యోగం పోయినవాణ్ణి చూసి నవ్వమంటున్నావు."

అతను కిటికీ వైపు తిరిగాడు. బయటనుంచి ఎవరో తలుపు కొట్టి, "షాట్ రెడీ సార్," అన్నారు. ఇటు తిరిగేసరికి అతను మళ్ళీ డైరెక్టర్ అయిపోయాడు.

"నిర్మాత కూర్చున్నాడు బయట. వచ్చే సినిమాలో కూడా నీ వేషం రాయించా. బుద్ధిగా రా పిన్నీ."

ఆమె వెళ్ళింది. వెళ్ళకూడదన్న ఆలోచన అప్పటికి ఇంకా రాలేదు. ఇన్నేళ్ళుగా పిలిస్తే వెళ్ళడం కాళ్ళకు అలవాటైపోయింది. ఎవరో క్యారియర్ చేతికిచ్చారు. పైనుంచి కొడుకు దీపం తిప్పి వెలుగు బెంచీ మీదకు తెచ్చాడు.

"యాక్షన్!"

మాస్టారు దెబ్బ కోసం భుజాలు ముడుచుకుని కూర్చున్నాడు. ఆ ముడుచుకోవడం నటన కాదు. నిజంగానే మెడ నొప్పిగా ఉంది. పిన్ని ముందు నిలబడి చూసింది. నెరిసిన జుట్టులో తెల్లటి పింజలు. తలెత్తకుండా నేలనే చూస్తున్న కళ్ళు. ఆమె చెయ్యి లేవలేదు. క్యారియర్ గడ్డి మీద పెట్టేసింది.

"ఏమైంది పిన్నీ? కెమెరా రోలింగ్‌లో ఉంది!"

"కొట్టను."

అంత పెద్ద గొంతు గల మనిషి ఆ మాట మామూలుగా అంది. అందుకే కాబోలు అందరికీ వినపడింది.

"కొట్టవా? ఇది సినిమా పిన్నీ!"

"సినిమాలో అయినా సరే. ఉద్యోగం పోయిన మనిషిని కొట్టను. నా మొగుడు తలకి దూది అంటించుకొస్తే నేను కొట్టలేదు. తెలిసీ తెలీనట్టు పొద్దున్నే క్యారియర్ కట్టిచ్చాను. ఏ ఆడదైనా అంతే చేస్తుంది. అది తియ్యండి, కావాలంటే."

రైటర్ నవ్వబోయి ఆపుకున్నాడు. పబ్లిసిటీ అమ్మాయి చేతిలోని కెమెరా నెమ్మదిగా కిందికి దిగింది. పైన ఇనుప చట్రం కిర్రుమంది. ఆ చప్పుడుకు పిన్నికి కొడుకు గుర్తొచ్చాడు. తలెత్తి చూసింది. దీపం వెనక కొడుకు ముఖం కనపడలేదు.

నిర్మాత కుర్చీలోంచి లేచి డైరెక్టర్ చెవిలో ఏదో అన్నాడు. డైరెక్టర్ ఎవరి ముఖమూ చూడకుండా, "ఆ పక్కింటావిడ వేషం వేసినామెను పిలవండి," అన్నాడు.

ఆమె వచ్చింది. సినిమాల్లోకి రాకముందు ఆస్పత్రి దుప్పట్లు ఉతికేది. అరచేతులు ఇప్పటికీ సున్నం పట్టినట్టు పాలిపోయి ఉంటాయి. పిన్ని తల మీది సవరం విప్పి ఇస్తుంటే ఆమె కళ్ళు దించుకుంది.

"అక్కా, ఏమీ అనుకోకు. నేను కాదంటే రేపట్నుంచి..."

"ఏమీ అనుకోను. మెడ మీద కొట్టకు, కందిపోయి ఉంది. భుజం మీద వెయ్యి."

పిన్ని తన బట్టలు మార్చుకుని బయటికొచ్చి, స్టూడియో షెడ్డు వెనక మెట్టు మీద కూర్చుంది. జనరేటర్ వేడి గాలి ముఖానికి కొడుతోంది. ఇక పిలుపులు రావని ఆమెకు తెలుసు. తలపొగరు మనిషని ఒక్క మాట చాలు, అన్ని ఆఫీసులకూ పాకిపోతుంది. కుట్టుమిషన్ మళ్ళీ దులుపుకోవాలి. కళ్ళు మునుపటంత బాగా కనపడవు. గొప్ప పని చేశానన్న ధైర్యమేమీ రాలేదు.

లోపల డైరెక్టర్ గొంతు వినపడింది. తర్వాత కొత్త గొంతు, "సిగ్గులేదూ నీకు!" అని అరిచింది. ధప్పుమని చప్పుడు. పార్కు జనం వేషాలకు కూలికి తెచ్చినవాళ్ళు కలిసికట్టుగా నవ్వారు. ఒక్క టేక్‌లోనే ఓకే అయినట్టుంది, ఎవరో చప్పట్లు కొట్టారు.

కాసేపటికి తలుపు తోసుకుని కొడుకు వచ్చాడు. చేతులకు వేడి దీపాలు పట్టుకునే మందపాటి తొడుగులు అలాగే ఉన్నాయి. తల్లి పక్కన కూర్చోలేదు. ఎదురుగా నిలబడ్డాడు. ముప్పై దాటిన మనిషి, ఏ మాటతో మొదలుపెట్టాలో తెలీని పిల్లాడిలా ఉన్నాడు.

"ఇందాక నేనూ నవ్వానమ్మా," అన్నాడు.

"నీకు తెలీదు కదరా."

"నువ్వెందుకు చెప్పలేదు?"

ఆయన కోసమని ఒకప్పుడు అనుకుంది. కొడుకు కోసమని తర్వాత అనుకుంది. ఇప్పుడు ఆ రెండూ సరిపోలేదు.

"రోజంతా ఎక్కడుండేవాడు మరి?"

"మూటలు దొరికితే మోసేవాడు. దొరక్కపోతే బస్టాండులో."

"అంతసేపు అక్కడేం చేసేవాడు?"

"తెలీదురా," అంది. "నేనెప్పుడూ అడగలేదు."

లోపలినుంచి ఎవరో కేకేస్తున్నారు. "లైట్ ఏదయ్యా? లైట్‌మన్ ఎక్కడ చచ్చాడు? నెక్స్ట్ షాట్!"

కొడుకు తలుపు వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. తొడుగుల్లోంచి చేతులు తియ్యలేదు, లోపలికీ వెళ్ళలేదు. కేకలు దగ్గరవుతుంటే, అలాగే నిలబడి ఉన్నాడు.