ఆనకట్ట కింది రాళ్లు

వదిన వచ్చిన రోజు నుంచీ అద్దాలమ్మ గుండెల్లో బెరుకుగానే ఉంది. కళ్లజోళ్ల దుకాణంలో ముక్కుకూ చెవులకూ సరిపోయేలా ఫ్రేములు వంచే పని ఆమెది. అందుకే అత్తింట్లో ఆ పేరు స్థిరపడిపోయింది. భర్త అక్కాబావలు వారం రోజులుండి ఊరు చూసిపోదామని వచ్చారు. భర్త సిటీబస్సు డ్రైవరు, సెలవు దొరకలేదు. "ఖర్చు లేకుండా తిప్పు. ఖర్చు లేకుండా తిప్పుతున్నట్టు మా అక్కకు తెలియకూడదు సుమా," అని చెప్పి తను చల్లగా డ్యూటీకి జారుకున్నాడు.

మొదటిరోజు లైబ్రరీ భవనం పైఅంతస్తు నుంచి ఊరంతా చూపించింది. "మేడలు చూడ్డానికి మేడెక్కాలా?" అంది వదిన. మర్నాడు పూలమార్కెట్టు. "కొనేది లేదు, ముక్కులకు మాత్రం విందు," అంది. అద్దాలమ్మ నవ్వేసింది గానీ లోపల ముడుచుకుపోయింది.

వదిన భర్త, అన్నయ్యగారు, మాత్రం దేనికీ వంక పెట్టలేదు. అచ్చాఫీసులో యంత్రాల పక్కన కూర్చుని అక్షరాలు పేర్చి పేర్చి వినికిడి పోగొట్టుకున్న మనిషాయన. చెవిలో పెట్టుకునే మిషన్ ఉంది గానీ బస్సెక్కితే గుయ్యిమంటుందని ఇంట్లోనే వదిలేస్తాడు. ఎక్కడికి తీసుకెళ్లినా బోర్డులు చదువుతూ, వాటిలో తప్పులు పట్టుకుంటూ హాయిగా ఉంటాడు. "ఆయనతో మాట్లాడ్డమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే," అని వదిన రోజుకోసారైనా అనాల్సిందే.

మూడోరోజు ఆనకట్టకు తీసుకెళ్లింది. బస్సు ఆఖరి స్టాపు అదే. గేట్లు మూసి ఉన్నప్పుడు కింద ఏరంతా బల్లపరుపు రాళ్లు తేలి ఉంటాయి. జనం మధ్యదాకా నడిచి వెళ్లి మడుగుల్లో కాళ్లు పెట్టుకు కూర్చుంటారు. మెట్ల దగ్గర పెద్ద బోర్డు: సైరన్ మోగిన వెంటనే అందరూ ఒడ్డుకు రావాలి.

ఎగువన ఆకాశం నల్లగా కమ్ముకుని ఉంది. అద్దాలమ్మ కాపలాదారును అడిగింది. "వాన పైన పడుతోందమ్మా, ఇక్కడ కాదు. దిగండి, కానీ దూరం పోకండి," అన్నాడు. ఆ మాట ఆమెకు నచ్చలేదు. తిరిగి వెళ్లిపోదామని అనబోయింది. ఇదీ చూడనివ్వలేదని వదిన ఏమంటుందోనని నోరు మూసుకుంది.

వదినకు మోకాళ్ల నొప్పి, గట్టుమీద బెంచీపై కూలబడింది. సంచీలోంచి నీళ్లసీసా తీసి ఇచ్చి, కాసేపు మోకాళ్లు ఒత్తడానికి అద్దాలమ్మ వంగింది. తల ఎత్తేసరికి అన్నయ్యగారు పక్కన లేడు.

"ఏరీ?"

"అదుగో," అని వదిన చెయ్యి చూపించింది. ఏటి మధ్య ఏనుగంత బండ ఒకటుంది. దాని ఒక పక్కన ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయి. అక్షరం కనిపిస్తే ఆగే మనిషి కాదాయన. వీపు ఇటు పెట్టి, వేలితో తడుముతూ చదువుకుంటున్నాడు.

అప్పుడే సైరన్ మోగింది.

రాళ్లమీద జనం ఒక్కసారిగా లేచారు. పిల్లల్ని చంకనేసుకున్నారు, చెప్పులు వదిలేశారు, మెట్లవైపు ఉరికారు. అన్నయ్యగారు ఒక్కడే కదల్లేదు.

"ఏమండీ! ఏమండోయ్!" వదిన లేచి నిలబడి అరిచింది. గట్టుమీది వాళ్లంతా గొంతు కలిపారు. ఎవరో రాయి విసిరారు, అది సగం దూరంలోనే పడింది. కాపలాదారు ఈలవేస్తూ అవతలి మడుగులో ఉన్న కుటుంబాన్ని లేపడానికి పరుగెత్తాడు.

అద్దాలమ్మకు ఈత రాదు. అయినా మెట్లు దిగింది. ఎలా దిగిందో తర్వాత ఎవరడిగినా చెప్పలేకపోయింది. రాయి మీంచి రాయి మీదికి అంగలేస్తుంటే, సందుల్లో నీళ్లు చప్పుడు లేకుండా లేస్తున్నాయి. తేటగా ఉన్నవి కాస్తా ఎర్రబడ్డాయి. ఒక చెప్పు జారి కొట్టుకుపోయింది. వెనక వదిన పిలుస్తోంది. తననో, ఆయననో తెలియలేదు.

వెళ్లి భుజం పట్టుకుని గుంజింది. ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. కోపంగా ఏదో అనబోయి, ఆమె ముఖం చూశాడు. ఆమె వెనక ఏరు చూశాడు.

వచ్చిన దారి లేదు. వాళ్లు అడుగులేసిన రాళ్లమీంచి నీళ్లు పొర్లుతున్నాయి.

ఆయన ఆమెను బండమీదికి తోశాడు, తనూ పాకాడు. పైన ఇద్దరు ఒరుసుకుని కూర్చునేంత చోటే ఉంది. అప్పటికి గేట్లు పూర్తిగా ఎత్తినట్టున్నారు. హోరు వచ్చింది. అది చెవులకు వినపడే చప్పుడు కాదు, ఎముకల్లో దూరే చప్పుడు. కింద బండ వణుకుతోందో, తానే వణుకుతోందో ఆమెకు అంతుబట్టలేదు. చెట్టుకొమ్మ ఒకటి గిర్రున తిరుగుతూ వచ్చి బండకు తగిలి రెండు ముక్కలైంది. అద్దాలమ్మ "అమ్మా!" అని కేక పెట్టింది. ఆ కేక ఆమెకే వినపడలేదు. కళ్లు గట్టిగా మూసుకుంది. మూసుకుంటే ఇంకా భయమేసి తెరిచింది. తెరిస్తే నీళ్లే. బండ వెనక్కి, వెనక్కి ఈదుకుపోతున్నట్టు కళ్లు తిరిగాయి. పట్టు సడలింది.

అన్నయ్యగారు ఆమె గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. రెండు వేళ్లతో ఆమె కళ్లు, తర్వాత తన ముఖం చూపించాడు. నన్ను చూడు, నీళ్లు కాదు. యంత్రాలు తిరిగేటప్పుడు అచ్చాఫీసులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అక్కడ అందరూ ఇలాగే చేతులతో మాట్లాడుకునేవారని ఆమెకు తర్వాత తెలిసింది. బండకున్న పగులు ఒకటి వేలితో చూపించాడు. నీళ్లు అక్కడున్నాయి. కొంతసేపయ్యాక మళ్లీ చూపించాడు. అక్కడే ఉన్నాయి. అరచెయ్యి బోర్లించి మెల్లగా కిందికి దించాడు. తగ్గుతాయి. ఆయన పెదవులు కూడా వణుకుతున్నాయని ఆమె గమనించింది. చేతులు మాత్రం వణకలేదు.

గట్టుమీద కాపలాదారు ఫోను చెవిన పెట్టుకుని అటూ ఇటూ పరుగెడుతున్నాడు. వదిన బెంచీ దగ్గర నేలమీద చతికిలబడి ఉంది. ఎంతసేపు గడిచిందో ఏమో, హోరు సన్నగిల్లింది. పగులు కింద బండ తడిగా బయటపడింది. మళ్లీ గేట్లు దించినట్టున్నారు. నడుముకు తాడు కట్టుకున్న మనుషులు ఇద్దరు వచ్చి వాళ్లను ఒక్కొక్కరినే ఒడ్డుకు చేర్చారు. అద్దాలమ్మ వేళ్లను బండమీంచి ఊడదీయడానికి వాళ్లు నానా తంటాలు పడ్డారు.

వదిన సంచీతో మొగుణ్ని వీపుమీద ఠపీఠపీమని బాదింది. తర్వాత అద్దాలమ్మ తడిచీర కొంగు పిండింది. అదే కొంగు పట్టుకుని బస్సుదాకా నడిచింది.

బస్సులో వదిన ఆయన చెవి దగ్గరికి వంగి అరిచినట్టు అడిగింది. "ప్రాణం మీదికి తెచ్చుకుని మరీ చదివారే, ఏం రాసుందక్కడ?"

ఆయన తల దించుకున్నాడు. "ఇక్కడ బట్టలు ఉతకరాదు."

వదిన పకపకా నవ్వింది. నవ్వుతూనే ముఖానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ముందు సీట్లవాళ్లు తిరిగి చూశారు. అద్దాలమ్మ పళ్లు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి.

మిగిలిన రోజుల్లో ఎవరూ బయటికి వెళ్దామనలేదు. ఆఖరిరోజు పొద్దున అద్దాలమ్మ వంటింట్లో స్టీలు బకెట్టు పెట్టి కుళాయి తిప్పింది. ధార బకెట్టు అడుగున ధనధనా మోగింది. ఆమె చటుక్కున కట్టేసింది. మళ్లీ తిప్పబోయింది, చెయ్యి రాలేదు.

గుమ్మంలో వదిన నిలబడి ఉంది. ఎప్పట్నుంచి చూస్తోందో. లోపలికొచ్చి బకెట్టు తన వైపు లాక్కుంది. కుళాయికి పాతగుడ్డ చుట్టి, చప్పుడు రాకుండా సన్నధార వదిలింది.

"నేను నింపుతాలేవే. నువ్వెళ్లి కూర్చో," అంది.

అద్దాలమ్మ వెళ్లలేదు. అక్కడే గోడకు ఆనుకుని, వదిన భుజం మాత్రమే చూస్తూ, బకెట్టు నిండేదాకా నిలబడింది.