పదకొండు ఒకట్లు

గడియారాలు బాగుచేసే బామ్మర్దికీ, లారీల కాటా దగ్గర గుమాస్తాగా చేసి రిటైరైన బావకీ ఏ విషయంలోనూ పొసగదు. అక్క ఉన్నంతకాలం ఇద్దరికీ ఆవిడే సర్దిచెప్పేది. ఆవిడ పోయాక బామ్మర్దికి ఆ గడప తొక్కడానికి పనంటూ లేకుండా పోయింది. ఊరికే వెళ్దామంటే మొహమాటం అడ్డొచ్చేది.

అలాంటి రోజుల్లో, ఏదో కాగితం ఇవ్వడానికి వెళ్తే, బావ పదకొండు ఒకట్లు వరసగా రాసి చూపించాడు. "ఇది ప్రధాన సంఖ్య. ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ దీన్ని పగలగొట్టలేదు" అన్నాడు. "ఎందుకు పగలదు? పగులుతుంది" అన్నాడు బామ్మర్ది, కేవలం బావ మాట కాదనడానికి. అంతే, పంతాలకు పోయారు. ఫోను ముట్టుకుంటే ఓడినట్టేనని షరతు.

మూడేళ్లుగా సాయంత్రం నాలుగింటికల్లా దుకాణం కట్టేసి బామ్మర్ది వచ్చేస్తున్నాడు. ఏయే ప్రధాన సంఖ్యలతో భాగించాలో బావ ముందే జాబితా రాసిపెడతాడు. బామ్మర్ది భాగిస్తాడు, బావ తిరిగి గుణించి సరిచూస్తాడు. రోజుకు రెండో మూడో అవుతాయి, మిగతా సమయమంతా వాదులాటే. శేషం మిగిలిన ప్రతిసారీ బావ మీసం దువ్వుకుంటాడు, బామ్మర్దికి ఒళ్లు మండుతుంది.

బామ్మర్దికి ఇంకో పిచ్చి పట్టుకుంది. పదకొండు, పదమూడు లాగా రెండే తేడాతో వచ్చే ప్రధాన సంఖ్యల జంట కనిపిస్తే కింద గీత గీసి మురిసిపోతాడు. ఆవేళ 21647 చూసి దాని జంట కోసం వెతికాడు. జాబితాలో తర్వాతది 21661. టన్నుల తూకంలో కిలో పోనివ్వని మనిషి మధ్యలో ఒకటి వదిలేశాడా? బావ వంటింట్లో టీ కాస్తుండగా, ఎందుకైనా మంచిదని 21649తో భాగించాడు. భాగఫలం 513239. శేషం సున్నా!

గెంతేయబోయినవాడు కాస్తా ఆగిపోయాడు. జాబితా రాసింది బావ కదా!

"ఇదేం తొండి బావా? ఓడిపోతానని దాచేశావా?"

బావ టీ గ్లాసులు బల్ల మీద పెట్టాడు. "పోయిన వారమే చూశాన్రా. ఓడితే నాకేం నామోషీ లేదు. పందెం అయిపోతే నువ్వింకెందుకొస్తావు?"

బామ్మర్ది నోటుబుక్కు మూసి పక్కన పెట్టాడు. మూడేళ్లు ఎదురుచూసిన గెలుపు ఇంత చప్పగా ఉంటుందని అతను కలలో కూడా అనుకోలేదు.

"పోనీ, పదమూడు ఒకట్లు?" అన్నాడు చివరికి.

"అది పగలదు!" అన్నాడు బావ ఆశగా.

భాగించేవి చిన్న సంఖ్యలు కావడంతో భాగహారాలు చకచకా సాగాయి. గంట తిరక్కుండానే 53 దగ్గర సున్నా వచ్చి కూర్చుంది. బావ రెండుసార్లు గుణించి చూశాడు, లాభం లేకపోయింది. ఇద్దరూ దిగాలుపడిపోయారు.

బామ్మర్ది కొత్త నోటుబుక్కు తెరిచి పదిహేడు ఒకట్లు రాశాడు. పక్కన మూడు వేసి, తీరిగ్గా భాగించడం మొదలుపెట్టాడు.

"అంకెలన్నీ కూడితే పదిహేడే కదరా! మూడుతో పోదని చూడగానే తెలియడం లేదూ?" అన్నాడు బావ.

"తెలిస్తే తెలిసిందిలే" అన్నాడు బామ్మర్ది తలెత్తకుండా. "చేసే చూద్దాం. నీకేమైనా తొందర పనుందా?"